పూర్తి పేరు

నెలకు రెండు శనివారాలు, రెండు బస్సులు మారి వస్తాను.
రెండో బస్సు కొండ చుట్టూ తిరిగేటప్పుడు
గొర్రెలు వానలో కదలకుండా నిలబడి ఉంటాయి,
ఎవరో ఆగమని చెప్పి మరిచిపోయినట్టు.

లాకర్లో వదలాల్సినవి:
తాళాలు, ఫోను, చిల్లర, గొడుగు,
మొదటిసారి తెలియక తెచ్చిన అల్లిక సూదులు.
ముంజేతి మీది మచ్చను మాత్రం
లోపలికి తీసుకెళ్ళనిస్తారు.

ఒక తలుపు మూసుకున్నాకే ఇంకోటి తెరుచుకుంటుంది.
ఆ నడుమ గాజుగదిలో అరనిమిషం
నేను ఎవరి మనిషినీ కాను.

ఒకే వారంలో రెండు ఫారాలు నింపాను.
ఒకదాంట్లో తల్లిని,
రెండోదాంట్లో బాధితురాలిని.
రెండిట్లోనూ ఇల్లు అదే, వంటగది అదే.
జవాబులూ రెండొచ్చాయి:
ఒకటి మీ అబ్బాయి గురించి, ఇంకోటి నిందితుడి గురించి.
పోస్టుమన్ ఎల్విన్ రెండిటికీ కలిపి
ఒకే రబ్బరుబ్యాండు వేసి ఇచ్చాడు.

మొదటి ఏడాది ఏమడిగినా ఒకటే మాట:
అది గోప్యం, చెప్పకూడదు.
సరే, చెప్పకండి.
నేను చెప్తే వినడానికి ఏం అడ్డమొచ్చిందో
అడగాల్సింది. అడగలేదు.
కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందని
చిన్నప్పుడే కుట్టేసిన నోరిది.
చాపెల్ మెట్లమీద ఎవరైనా పలకరిస్తే
ఎమ్రిస్ కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడన్నాను,
ఏ ఉద్యోగమో ఆదివారానికొకటి మార్చి.

మీటింగుల్లో పది కుర్చీలు, నాది తలుపు పక్కన.
మందుల పేర్లు నా తలమీదుగా అటూ ఇటూ ఎగిరేవి.
తర్వాత వచ్చే కాగితంలో నేను రెండు మాటలు:
తల్లి హాజరు.

వంటశాల వెనక గదిలో, నెలకో గురువారం,
మాలాంటివాళ్ళం ఆరుగురం.
జబ్బు పేర్లు తక్కువే చెప్పుకుంటాం.
ఏ బస్సు రద్దయిందో, ఏ కేకును ఎక్స్‌రే తీశారో,
హేడెన్ భార్య కోసం తెచ్చిన గులాబీకి
ముళ్ళన్నీ ఎవరు గిల్లారో.
నవ్వొస్తుంది. ఆ నవ్వు బయట ఎక్కడా చెల్లదు.

నాలుగో ఏడు బుకోలా అనే నర్సు
తన కుర్చీని తలుపు పక్కకు లాక్కొచ్చి కూర్చుంది.
"మీకు ముందే ఎలా తెలిసేది?" అంది.

నాలుగేళ్ళు. ఒక్కరూ అడగని ప్రశ్న.

చెప్పాను:
వాడు నన్ను మామ్ అనడం మానేస్తాడు.
వెల్ష్ మానేస్తాడు. ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాడు,
బ్యాంకు గుమస్తాలా ఎంతో మర్యాదగా
గ్లెనిస్ ప్రాబర్ట్ అంటాడు.
పూర్తి పేరు వినపడిందంటే
ఇక మూడు వారాలే.

రాసుకుంది. చదివి వినిపించింది.
మామ్‌ని ఎలా పలకాలో రెండుసార్లు అడిగింది.

అక్టోబరులో ఫోన్లో వాడే:
"గ్లెనిస్ ప్రాబర్ట్, మీరు క్షేమమేనా?"
క్షేమమే నాయనా అని పెట్టేసి
బల్లమీద చేతులు ఆనించుకుని కూర్చున్నాను.
పొయ్యిమీద కెటిల్ కూసి కూసి ఊరుకుంది.
పేగు ఒకవైపు, మచ్చ ఒకవైపు.
బుకోలాకు ఫోన్ చేశాను.

ఆరు వారాలు వాడు నన్ను చూడనన్నాడు.
చెప్పింది ఎవరో వాడికి తెలుసు, దాచలేదు మేం.
వేళకు పట్టుకున్నామన్నారు డాక్టరు,
ఈసారి కాగితంలో నాది ఒక పేరా.
పేరా ఒళ్ళో పెట్టుకుని ఆరు వారాలు నిద్ర పట్టలేదు.

ఈ శనివారం రమ్మన్నాడు.
మూలన నర్సు, మధ్యలో బల్ల, కాగితం కప్పుల్లో టీ.
వాడు నా తలవైపే చాలాసేపు చూశాడు.
జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది,
బస్టాపు నుంచి గేటుదాకా గాలి గొడుగును నిలవనివ్వలేదు.

బిస్కెట్టు విరిచి సగం నావైపు తోశాడు.
"గొడుగు లేదా, మామ్?"

ఉంది రా.
లాకర్లో ఉంది.